జెనీవాకు వెళ్ళిన జవాబు

నేను ఒక టైపు మిషనును. ఇప్పుడు మ్యూజియంలో, చుట్టూ తాడు కట్టిన బల్ల మీద కూర్చున్నాను. పక్కన "తాకరాదు" అని బోర్డు పెట్టారు. ఆహా, ఏం మర్యాద! ముప్ఫై ఏళ్ళు పొద్దస్తమానం నెత్తిన బాదినవాళ్ళు ఇప్పుడు తాకకూడదంటున్నారు.

పుట్టింది అమెరికాలో. ఓడెక్కి మద్రాసులో దిగి, అక్కడొక వకీలుగారి దగ్గర నాలుగేళ్ళు చాకిరీ చేసి, వేలంపాటలో ఆబ్కారీ శాఖ పాలబడ్డాను. వాళ్ళు నన్నొక రేవు పట్నంలోని కచేరీకి పంపారు. అక్కడ గుమాస్తా కామేశం నా మీటల మీద చెయ్యి వేశాడు. రెండే వేళ్ళతో కొట్టేవాడు పాపం, మిగిలిన ఎనిమిదీ చూస్తూ కూర్చునేవి.

మా కచేరీ పని నల్లమందు. దుకాణాలకు లైసెన్సిచ్చి అమ్మించేదీ సర్కారే, జనం ఇంత తింటున్నారేమిటని దిగులుపడేదీ సర్కారే. ఎంత దిగుమతి అయింది, ఎంత దొంగసరుకు దొరికింది, ఎవరు తింటున్నారు అని ఏటా రిపోర్టు పంపాలి. అది ఇక్కణ్ణించి మద్రాసుకు, మద్రాసు నుంచి ఢిల్లీకి, అక్కణ్ణించి లండను మీదుగా జెనీవాలో నానాజాతి సమితికి వెళ్ళేది. అంతమంది పెద్దలు చదివే కాగితం కామేశం రెండు వేళ్ళ కింద పుడుతోందంటే నాకు గర్వంగానే ఉండేది.

ఆ రిపోర్టు తయారుచేసే పద్ధతి చెబుతాను, నవ్వకండి. నిరుటి ప్రతి పక్కన పెట్టుకొని, సంవత్సరం మార్చి, మిగిలినదంతా దించెయ్యడమే. అందులో పదకొండో ప్రశ్న: "పసిపిల్లలకు నల్లమందు పెట్టే అలవాటు మీ ప్రాంతంలో ఉందా?" జవాబు: "లేదు." తొమ్మిదేళ్ళుగా లేదు. ఆ తొమ్మిదేళ్ళలో ఒక్కరూ ఏ గడపకూ వెళ్ళి అడిగిన పాపాన పోలేదు.

పదో ఏడు కామేశం సరిగ్గా ఆ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి, కచేరీ ఊడ్చే నూకాలమ్మ కెవ్వున కేక పెట్టింది. ఆవిడ కూతురు రేవులో కూలికి పోతూ ఏడు నెలల బిడ్డను తల్లి దగ్గర వదిలి వెళ్ళేది. వాడు నా బల్ల కిందే గోనెపట్టా మీద నిద్రపోయేవాడు. ఆ రోజు ఎంత కుదిపినా కళ్ళు తెరవలేదు. పెదవులు నీలంగా మారిపోయాయి. కామేశం మడీ మైలా చూడకుండా బిడ్డను ఎత్తుకొని ఆసుపత్రికి పరుగెత్తాడు. నాది ఇనుప ఒళ్ళే అయినా భయం వేసింది.

మధ్యాహ్నానికి తిరిగి వచ్చి, "గండం గడిచింది, నల్లమందు ఎక్కువైందట" అన్నాడు. చెమటైనా తుడుచుకోకుండా నా ముందు కూర్చొని, పదకొండో ప్రశ్నకు "ఉంది" అని కొట్టాడు.

సూపరింటెండెంటు జోగారావుగారు అది చూసి మండిపడ్డారు. "ఏమిటయ్యా ఇది? తొమ్మిదేళ్ళు లేనిది ఇప్పుడెక్కణ్ణించి ఊడిపడింది? ఇన్నాళ్ళూ అబద్ధం రాశామని మనమే చాటుకోవాలా? మార్చు!"

"ఉద్యోగం తీసేసినా సరేనండి, నేను మార్చనండి" అన్నాడు కామేశం. కాగితాన్ని రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు.

"ఎవరో ఒక్క మనిషి చేస్తే అలవాటంటారా?" అని గద్దించారు జోగారావుగారు.

గుమ్మం దగ్గర కళ్ళు తుడుచుకుంటున్న నూకాలమ్మ ఊరుకోలేదు. "ఒక్కదాన్నేంటండి బాబూ! పనికెల్లే ఆడోళ్ళందరూ పెట్టేదేనండి. ఆవగింజంత పెడితే పొద్దుగూకేదాకా పడుంటారండి. నా కాడ అయిపోతే నిన్న మీ బంగళాలో దాదినడిగి తెచ్చుకున్నానండి."

జోగారావుగారికి లేక లేక కలిగిన కొడుకుకు అప్పుడు ఎనిమిదో నెల. ఆయన తలపాగా బల్ల మీదే వదిలేసి వీధిలోకి పరుగెత్తారు. బంట్రోతు గొడుగు పట్టుకొని వెనకాలే పరుగు.

రెండు గంటల తరువాత కొడుకును భుజాన వేసుకొని వచ్చారు. దాదిని మధ్యాహ్నపు నల్లమందు పెట్టనివ్వలేదట. అబ్బబ్బ, ఏం ఏడుపండీ అది! కచేరీ పెంకులు లేచిపోయేటట్టు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. జిల్లానంతా గడగడలాడించే మనిషి నూకాలమ్మ ముందు నిలబడి, "ఎలా ఊరుకోబెట్టాలమ్మా వీణ్ణి?" అని అడిగారు.

"ఏడవనియ్యండి బాబూ. రెండ్రోజులు ఏడుత్తాడండి. అలా ఎత్తుకునే ఉండాలండి" అంది.

ఆయన ఒక చేత్తో బిడ్డను అదిమి పట్టుకొని, రెండో చేత్తో రిపోర్టు మీద సంతకం చేశారు. వాడు తన్నిన తన్నుకు సంతకం సగంలో వంకరపోయింది. మళ్ళీ టైపు చెయ్యమని మాత్రం అనలేదు.