నేల టిక్కెట్టు లేని హాలు

నేను ఒక బెంచీని. కుర్చీని కాను, సోఫాని అసలే కాను. ఈ మాట ముందే చెప్పేయడం మంచిది. ఆత్మకథ అనగానే ఏ సింహాసనమో, రాజుగారి పల్లకీయో నోరు విప్పుతుందని కొందరు ఆశపడతారు. అలాంటివారు ఇప్పుడే లేచి వెళ్ళిపోవచ్చు, నాకేం కోపం లేదు. ఆరడుగుల పొడవు, అడుగు వెడల్పు, టేకు చెక్క. వెనక్కి వాలడానికి ఆనుడు చెక్క కూడా లేదు. నడుం నిటారుగా పెట్టుకుని కూర్చోగలిగినవాళ్ళ కోసమే నన్ను చేశారు.

బెంచీ కాకముందు నేను పడవని. గోదావరి కాలువల్లో ధాన్యం బస్తాలు మోసేదాన్ని. తెరచాపకి గాలి అందనప్పుడు లాకుల పేట మనుషులు భుజానికి తాడు వేసుకుని, గట్టు మీద వంగి నడుస్తూ నన్ను లాగేవాళ్ళు. కాలువ నీటిని ఆపి వదిలే లాకుల దగ్గరి పేట కాబట్టి లాకుల పేట. ఊళ్ళోవాళ్ళు దాన్ని పిలిచే పేరు వేరే ఉండేది. ఆ పేరు నేను పలకను. అంటరానివాళ్ళని ముద్రవేసి ఊరికి అవతల ఉంచిన పేట అది. నా మీది బస్తాలు వాళ్ళు మోస్తే మైల లేదు, ఆ బియ్యం వండుకు తింటే మైల లేదు, వాళ్ళు పక్కన కూర్చుంటే మాత్రం మైల. ఇది ఎలా కుదురుతుందో అర్థం చేసుకోవాలని చాలాకాలం తంటాలు పడి, చివరికి మానేశాను.

నన్ను లాగినవాళ్ళలో దేవసహాయం ఒకడు. గట్టు మీద పద్యం ఎత్తుకున్నాడంటే అవతలి గట్టున మేస్తున్న గేదెలు తలలెత్తి చూసేవి. క్రిస్మస్‌కి పేటలో వేసే నాటకంలో రాజు వేషం ఎప్పుడూ అతనిదే. పెళ్ళయిన కొత్తలో భార్య సువార్తమ్మని ఊళ్ళో సినిమాహాలుకి తీసుకెళ్ళాడు. ఆ రోజుల్లో నేల, బెంచీ, కుర్చీ అని మూడు తరగతులు ఉండేవి. కొత్త చీర మట్టి కాకూడదని బెంచీ టిక్కెట్లు కొన్నాడు. ఇద్దరూ కూర్చున్నారు. ఇంకా దీపాలు ఆర్పలేదు. గేటు దగ్గరి మనిషి వచ్చి, ఎంతో మర్యాదగా, "టిక్కెట్టు బెంచీదే గానీ మీరు నేలవాళ్ళు కదా దేవసహాయం. కిందకి దిగండి. నలుగురూ చూత్తన్నారు" అన్నాడు.

ఈ సంగతి సువార్తమ్మ నా మీద కూర్చుని ఎన్ని వందలసార్లు చెప్పిందో. ప్రతిసారీ ఆ 'నలుగురూ' దగ్గర ఆమె గొంతు గట్టిపడేది.

దేవసహాయం నేల మీద కూర్చోలేదు. భార్య చెయ్యి పట్టుకుని బయటికి వచ్చేశాడు. పేటలోకి రాగానే దొరికినవాళ్ళందర్నీ పోగేసి, "మనకి మనవే ఓ హాలు కట్టుకుందారి. అందులో నేల టిక్కెట్టు ఉండదు" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్విన వాళ్ళే తర్వాత ఇటుకలు మోశారు.

అప్పటికి లారీలు వచ్చి కాలువ పడవలు మూలపడుతున్నాయి. నా యజమాని నన్ను కట్టెల అడితికి తోలేయబోతుంటే పేటవాళ్ళు అడ్డం వచ్చి కొనుక్కున్నారు. ఇన్నేళ్ళూ భుజాలు ఒరుసుకుపోయేలా లాగిన పడవని వాళ్ళే విప్పారు. నలభై బెంచీలు తేలాయి. అందరికంటే ముందు తయారైనదాన్ని నేను. చెక్క మీద మేకుల బెజ్జాలు ఇప్పటికీ కనిపిస్తాయి. వాటిల్లో వేళ్ళు పెట్టి పిల్లలు తిప్పుతుంటే చక్కిలిగింతలుగా ఉంటుంది.

హాలుకి 'ఉదయ కళామందిరం' అని పేరు రాశారు. ఊళ్ళోవాళ్ళు వెక్కిరింతగా 'బెంచీల హాలు' అన్నారు. వారం తిరక్కుండా పేటవాళ్ళు మొదటి పేరు గీకేసి, గోడ నిండా పెద్ద అక్షరాలతో 'బెంచీల హాలు' అనే రాసుకున్నారు. వెక్కిరించినవాళ్ళ మొహాలు నేను చూడలేకపోయాను, లోపల ఉన్నాను కదా. ఆ ఒక్క లోటు నాకు మిగిలిపోయింది.

హాలుకి ఒకే నియమం. అన్నీ బెంచీలే, ముందు వచ్చినవాళ్ళు ముందు. దేవసహాయం రాజు వేషం చూడాలని ఒకసారి పెద్ద భూస్వామి ఒకాయన ముచ్చటపడ్డాడు. తను వచ్చేలోపే నౌకరు చేత ఇంటి నుంచి చేతుల కుర్చీ పంపించాడు. పేటవాళ్ళు కుర్చీని చాలా గౌరవంగా అందుకున్నారు. ఆయన వచ్చి చూసేసరికి అది స్టేజీ మీద ఉంది, కిరీటం పెట్టుకుని దేవసహాయం అందులో కూర్చుని ఉన్నాడు. "రాజుగారి సభకి కుర్చీ తక్కువైందండీ, సమయానికి పంపారు" అన్నాడు పేటవాడొకడు చేతులు కట్టుకుని. భూస్వామి కాసేపు స్తంభం పక్కన నుంచున్నాడు. కాళ్ళు లాగాయి కాబోలు, రెండో అంకంలో వచ్చి నా చివర కూర్చున్నాడు. బరువు అందరిలాగే ఉంది.

ముప్పై ఎనిమిదేళ్ళు ఆ హాల్లో నాటకాలు, బుర్రకథలు, అద్దె రీళ్ళతో సినిమాలు, కూలి రేట్ల మీద మీటింగులు, పెళ్ళిళ్ళు అన్నీ నడిచాయి. తర్వాత ఓ తుఫాను వచ్చి పెంకులన్నీ ఎగరగొట్టింది. బెంచీలు తడిసి పాడవుతాయని ఇంటికొకటి చొప్పున మోసుకుపోయారు. "పదిరోజులే, కప్పు వేయగానే తెచ్చేద్దాం" అనుకున్నారు. అప్పటికి ఇళ్ళల్లోకి టీవీలు వచ్చాయి. ఆ పదిరోజులు ముప్పై ఏళ్ళయ్యాయి. మాలో ఒకటి ఇస్త్రీ బల్ల అయింది. ఒకటి ఇడ్లీ బండి కింద చేరింది. ఇంకొకటి ఎవరింట్లో ఎవరు పోయినా స్నానం చేయించడానికి వెళ్ళేది.

నేను దేవసహాయం ఇంటికి వెళ్ళాను. అతను పోయాక కొడుకులిద్దరూ, ఇస్సాకూ రూబేనూ, వాటాలు పంచుకున్నారు. ఇల్లు తెగింది, చెట్లు తెగాయి. నా దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయారు. "నాన్న బెంచీ నాది" అంటాడు పెద్దోడు. "నాన్న చివరిదాకా నా దగ్గరే ఉన్నాడు" అంటాడు చిన్నోడు. తల్లి ఎంత మొత్తుకున్నా వినలేదు. వడ్రంగిని పిలిచి, టేపుతో కొలిపించి, చెరి మూడడుగుల చొప్పున నన్ను రంపంతో కోయించారు. నామీద ఉన్న ప్రేమతోనే కోయించారు, అదీ విడ్డూరం. ఒక్కో ముక్కకి రెండేసి కాళ్ళు. ఇస్సాకు ఇంట్లో రెండో పక్క ఇటుకలు పేర్చి నీళ్ళ బిందెలు పెట్టారు. రూబేను ఇంట్లో నామీద కుట్టు మిషను పెట్టారు. మధ్యలో ఒక్క గోడ. పంతొమ్మిదేళ్ళు అన్నదమ్ములకి మాటల్లేవు. గోడకి ఇటూ అటూ ఇద్దరి దగ్గులూ నాకు వినపడేవి.

రూబేను కూతురు కరుణ. ఊళ్ళో బడిలో డ్రాయింగు టీచరు. ఒక ఆదివారం ఆ పిల్ల కుట్టు మిషను పక్కకి జరిపి, నా మీద కూర్చుని, హాలు గోడకి సర్కారువాళ్ళు అంటించిన నోటీసు కాగితం వాళ్ళ నానమ్మకి చదివి వినిపించింది. 'వాడుకలో లేని శిథిల కట్టడం' అని ఉంది అందులో. అభ్యంతరం చెబితే అధికారి వచ్చి చూస్తాడట. ముప్పై రోజుల్లో ఎవరూ చెప్పకపోతే కూల్చి, అక్కడ బళ్ళు నిలుపుకునే స్థలం చేస్తారట.

"వాడకపోవడం ఏంటి? అందులో మేకలు ఉంటన్నాయి గదా" అన్నాడు రూబేను, నవ్విద్దామని.

ఎవరూ నవ్వలేదు. సువార్తమ్మకి ఎనభై ఏడేళ్ళు. ఆ వయసులో ఏడుస్తుందేమోనని కరుణ భయపడింది. ఆమె కళ్ళజోడు తుడుచుకుని, "అధికారి ఎప్పుడొత్తాడంట?" అని అడిగింది.

కరుణ అభ్యంతరం రాసిచ్చింది. తనిఖీ రోజు ఖాయమైంది, బుధవారం పదకొండు గంటలకి. హాలు వాడుకలో ఉందని తేలితే నిలుస్తుంది, లేదంటే లేదు. కరుణ ఇంటింటికీ తిరిగింది. నాటకాలకి, డప్పు నేర్పడానికి, బొమ్మలకి, పాటలు రికార్డు చేసుకోడానికి పేట పిల్లలకి ఒక చోటు కావాలని, ఆ చోటు మన తాతలు కట్టే పోయారని చెప్పింది. బెంచీలు అడిగింది. కొందరు సిగ్గుపడుతూ, కొందరు ఇడ్లీ పిండి గీకుతూ తెచ్చి ఇచ్చారు. ముప్పై ఒకటి దొరికాయి. ఒక్కోటి ఒక్కో ఎత్తు. అవసరాన్ని బట్టి ఎవరికి వాళ్ళు కాళ్ళు కోసేసుకున్నారు మరి.

నేను మాత్రం రాలేదు. ఇస్సాకు తన సగం ఇస్తానన్నాడు, తమ్ముడు ముందు ఇస్తే. రూబేను కూడా అదే మాట, అన్న ముందు ఇస్తే.

మంగళవారం సువార్తమ్మ కర్ర పట్టుకుని వీధిలోకి వచ్చింది. రెండు వాకిళ్ళకీ వినపడేలా గొంతెత్తింది. "ఒరే ఇస్సాకూ, ఒరే రూబేనూ! మీ నాన్న నన్ను కూకోబెట్టడానికి హాలే కట్టేడు. మీరు నన్ను సగం బెంచీ మీద కూకోమంటన్నారు. ఏ సగమో మీరే తేల్చండి. అందాకా నేను ఇక్కడే నుంచుంటాను."

మే నెల ఎండ. ఇద్దరూ చెరో ముక్కా మోసుకుంటూ ఒకేసారి బయటికి వచ్చారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. కానీ వడ్రంగి రెండు ముక్కల్నీ కలిపి ఇనప పట్టీలు బిగిస్తుంటే చెరో పక్కా పట్టుకోక తప్పలేదు. "కొంచెం పైకెత్తు" అన్నాడు ఇస్సాకు. పంతొమ్మిదేళ్ళ తర్వాత వాళ్ళు మాట్లాడుకున్న మొదటి మాట అదే. దానికి కారణం నేనని గర్వంగా చెప్పుకుంటున్నాను. నన్ను కోసినందుకు వాళ్ళని క్షమించానని మాత్రం ఎవరూ అనుకోవద్దు.

మర్నాడు అధికారి వచ్చేసరికి కప్పు లేని హాల్లో ఎగుడుదిగుడు బెంచీల నిండా జనం. స్టేజీ మీద పిల్లలు డప్పు సాధన చేస్తున్నారు. ఓ పక్క కరుణ గోడకి సున్నం కొట్టిస్తోంది. ఆయన చేతిలో ఫైలు, అందులో అప్పటికే టైపు చేసి ఉన్న కాగితం. అది 'ఖాళీగా ఉన్నది' అన్న మాటతోనే మొదలవుతుందని ఆయన వెంట వచ్చిన ఇంజనీరు మొహం చూస్తేనే తెలిసింది.

"రండి బాబూ, కూకోండి" అంది సువార్తమ్మ.

"పరవాలేదమ్మా, డ్యూటీలో ఉన్నాను. నుంచుంటాను."

"ఈ హాల్లో నేల టిక్కెట్టు లేదు, నుంచునే టిక్కెట్టూ లేదు. కూకుంటే కూకోండి, లేదంటే బయటికెళ్ళి రాసుకోండి."

ఆయన అటూ ఇటూ చూశాడు. కుర్చీ కోసం చూశాడని నాకు తెలుసు. ఈ హాల్లో అదొక్కటే దొరకదు. చివరికి వచ్చి ఆమె పక్కన, నా మీద కూర్చున్నాడు. పిల్లలు ఆగకుండా గంటసేపు వాయించారు. ఆయన వెళ్ళేటప్పుడు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నెల తర్వాత ఉత్తరువు వచ్చింది. కూల్చరు. ఏడాదిలోపు కప్పు వేసి బాగు చేసుకోవాలి.

ఏడాది అక్కర్లేకపోయింది. తొమ్మిది నెలల్లో కప్పు పడింది, గోడలు నిలబడ్డాయి, పాత టిక్కెట్ల గది పాటలు రికార్డు చేసే గదయింది. పని చూడటానికి పట్నం నుంచి నిరుపమ అని ఒక ఆర్కిటెక్టు వచ్చింది. మంచి పిల్ల. మంచివాళ్ళతోనే నాకు చిక్కు వచ్చింది. నన్ను చూసి కళ్ళ నీళ్ళు పెట్టుకుని, "దీన్ని అందరూ చూడాలి" అంది. కరుణ కూడా సరేనంది. నాకు నూనె రాశారు, మెరుగు పెట్టారు. వరండాలో నిలబెట్టి చుట్టూ నాలుగు ఇత్తడి కడ్డీలు, ఎర్ర తాడు. ముందు ఒక బోర్డు.

ప్రారంభం రోజు జనం వచ్చారు. నా ముందు ఆగి ఫోటోలు తీసుకున్నారు. ఒకాయన చెప్పులు విప్పి దణ్ణం కూడా పెట్టాడు. ఎవరూ కూర్చోలేదు. బిందెలు మోశాను, మిషను మోశాను, రంపం కోత భరించాను. ఈ దణ్ణం మాత్రం భరించలేకపోయాను. నోరుంటే అక్కడే అరిచేదాన్ని.

సువార్తమ్మ కొడుకుల చేతులు పట్టుకుని వచ్చింది. తాడు దగ్గర ఆగింది.

"ఏటే అది?"

"బోర్డు నానమ్మా."

"ఏం రాసేరు?"

కరుణ చదివింది. "చారిత్రక వస్తువు. దీనిపై కూర్చోరాదు." చివరి మాటకి వచ్చేసరికి గొంతు తగ్గిపోయింది.

"ఎవరు కూకోకూడదు?"

"ఎవరూను నానమ్మా. పాతది కదా, విరిగిపోతుందని..."

"ఇరిగితే అతుకుతారు. కూకోకపోతే ఏం సేత్తారు?"

కరుణ మొహం కందిపోయింది. వంగి, ఆ ఎర్ర తాడు తనే విప్పేసింది. నిరుపమ బోర్డు తీసి గోడకి తిప్పి పెట్టింది. ఇస్సాకు ఒక చివర, రూబేను ఇంకో చివర పట్టుకుని నన్ను హాల్లోకి మోశారు. లోపల బెంచీలన్నీ అప్పటికే నిండిపోయాయి. మూడో వరసలో ఖాళీ చూసి అక్కడ దింపారు.

సువార్తమ్మ మధ్యలో కూర్చుంది. మనవరాల్ని పక్కకి లాక్కుంది. కొడుకులిద్దరూ చెరో పక్కా సర్దుకున్నారు. గుమ్మం దగ్గర బెరుగ్గా నిలబడ్డ నిరుపమని చూసి, "నువ్వూ రా అమ్మా, జరుగుతాం" అంది. నలుగురికి చేసిన బెంచీని నేను. ఐదో మనిషి కూర్చోగానే కిర్రుమన్నాను. హాలంతా వినబడింది.

ఎవరూ లేవలేదు.