నూనె కారే బండ్లకు ప్రవేశం లేదు

మా ఊళ్లో చలికాలం మంచుతో కాదు, నూనె కంపుతో మొదలవుతుంది. గుండె పరీక్షకు రమ్మని డాక్టరు ఎన్నిసార్లు కబురు పెట్టినా కదలని మగవాళ్లంతా అక్టోబరు రాగానే బండి తాళాలు పట్టుకుని బండ్లకు నూనె కొట్టే రొజేర్ షెడ్డు ముందు బారులు తీరతారు. నవంబరులో ప్రభుత్వం వారు రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. మంచు కరుగుతుంది, దానితోపాటు మా బండ్లూ తుప్పు పట్టి కరుగుతాయి. ఆ ఉప్పునీళ్లు ఇనుములోకి దిగకముందే బండి కింద, తలుపుల లోపల, రేకుల మడతల్లో నూనె కొట్టించేయాలి. ఉప్పు చల్లేదీ మా పన్నులతోనే, ఆ ఉప్పు నుంచి కాపాడుకునేదీ మా జేబుల్లోంచే. ఇందులో ఏదో తిరకాసు ఉందని మా వాళ్లెవరికీ ఇప్పటిదాకా తోచలేదు.

నూనె కొట్టించిన బండి కొన్నాళ్లపాటు కారుతూనే ఉంటుంది. ఎక్కడ నిలబెడితే అక్కడ చంటిపిల్లాడిలా తడిపేస్తుంది. అందుకని ఇళ్ల ముందు అట్టపెట్టెలు చింపి పరుస్తారు. ఇంకొందరు షెడ్డు నుంచి తిన్నగా మట్టిరోడ్డు మీదికి పోయి ఒక చుట్టు చుట్టి వస్తారు, దుమ్ము అంటుకుంటే నూనె నిలుస్తుందని. కాంగో నుంచి వచ్చిన మా ఫాదర్ అనిసే ఇదంతా మొదటి ఏడు చూసి నోరు తెరిచారు. "మా దేశంలో చివరి ఘడియల్లో మనిషికి నూనె రాస్తామమ్మా. మీరేమో బండ్లకి రాస్తారు, అదీ ప్రతి ఏడూ" అన్నారు. రెండో ఏడు ఆయనా తన చిన్న కారు తీసుకుని వరసలో నిలబడ్డారు.

ఇక గొడవ సంగతి. మా చర్చి ముందు స్థలం ఒకప్పుడు గతుకుల కంకరనేల. ఒలివెత్ కమిటీ అధ్యక్షురాలైన నాటి నుంచి అక్కడ తారు వేయించాలని పట్టు పట్టింది. ఒలివెత్ పట్టు పట్టిందంటే బిషప్పు కూడా దారి తప్పుకుంటాడు. డబ్బు పోగుచేయడానికి ఏళ్ల తరబడి మా చేత మాంసం కూరిన పైలు చేయించి అమ్మించింది, బింగో ఆడించింది, నేను పుట్టి బుద్ధెరిగి అన్ని ఉల్లిపాయలు ఎప్పుడూ తరగలేదు. మొత్తానికి మూడేళ్ల కిందట తారు పడింది. నల్లగా, నున్నగా, అద్దంలా ఉంది. ఆ సాయంత్రం ఒలివెత్ దాని మీద చెప్పులు విప్పి నడిచింది. నేను కళ్లారా చూశాను.

నూనె తగిలితే తారు మెత్తబడిపోతుంది. ఆ శరదృతువులోనే ఒక ఆదివారం రొజేర్ తన ట్రక్కు తెచ్చి సరిగ్గా చర్చి గుమ్మం ముందు నిలిపాడు. పూజ ముగిసేసరికి దాని కింద బట్టలు నానబెట్టే బేసినంత మరక. ఒలివెత్ ఏం చేసింది? తర్వాతి వారం ప్రకటనల సమయంలో మైకు ముందు నిలబడి, "పదిమంది చెమటోడ్చి వేయించుకున్న నేలని పాడుచేసే పెద్దమనుషులు కొందరున్నారు. దేవుడి ఇంటికీ షెడ్డుకీ తేడా తెలియని వాళ్లు" అంది. పేరు చెప్పలేదు. చెప్పాల్సిన పనేముంది, అందరి తలలూ ఒకేసారి తిరిగాయి. రొజేర్ లేచి, టోపీ పెట్టుకుని, బయటికి వెళ్లిపోయాడు.

రొజేర్ ఆమె సొంత తమ్ముడు.

ఆ మర్నాడే గేటు దగ్గర బోర్డు లేచింది: నూనె కారే బండ్లకు ప్రవేశం లేదు. అప్పటి నుంచి రొజేర్ చర్చి గడప తొక్కలేదు, ఒలివెత్ షెడ్డు గడప తొక్కలేదు. ఇద్దరికీ ఈ భూమ్మీద ఇంకెవరూ లేరు. అతను పెళ్లి చేసుకోలేదు, ఈమె మొగుడు ఎప్పుడో పోయాడు. క్రిస్మస్‌కి ఒకే వీధిలో రెండిళ్లలో ఇద్దరూ విడివిడిగా ఒకే మాంసం పై కాల్చుకుని తిన్నారు.

నేనొకసారి ఉండబట్టలేక అడిగాను. "ఏమే, తమ్ముడే కదా. ఒక్క మాట అంటే పోయేదానికి ఎన్నాళ్లిలా?"

"వాడు ముందు రావాలి."

"ఎక్కడికి రావాలి? బోర్డు పెట్టి మరీ తోలేశావు కదే."

"బండి బయట పెట్టుకుని నడిచి రావచ్చు. కాళ్లున్నాయిగా వాడికి" అంది.

అదే మాట రొజేర్‌ని అడిగితే, స్ప్రే గొట్టం పక్కన పెట్టి చేతులు తుడుచుకుంటూ, "మా అక్కకి నేల కావాలి, ఉగెత్. నేను కాదు" అన్నాడు. అని మళ్లీ ఎవరిదో కారు కిందికి దూరాడు. ఇంత పంతం ఒక్క కడుపున పుట్టిన వాళ్లకే సాధ్యం.

తమ్ముడి షెడ్డుకు పోలేక ఒలివెత్ తన కారును రిమూస్కీ పట్నం తీసుకెళ్లి, చుక్క కారదని గ్యారంటీ ఇచ్చే నల్ల పూత వేయించింది. చుక్క కారలేదు, నిజమే. ఆ పూత వెనక్కి ఉప్పునీళ్లు చేరి హాయిగా కాపురం పెట్టాయి. మూడో ఏట ఆమె బ్రేకు మీద కాలు వేస్తే మడమ కింద రేకు ఊడి రోడ్డు కనబడింది. ఆ మర్నాటి నుంచి నడక ఆరోగ్యానికి మంచిదని అందరికీ చెప్పడం మొదలుపెట్టింది.

ఇలా ఉండగా, ఈ అక్టోబరులో మంచు ముందే పడుతుందని రేడియోవాళ్లు చెప్పారు. ఊరు ఊరంతా షెడ్డు మీద పడింది. రొజేర్ తిండీ నిద్రా మానేసి నూనె కొట్టాడు. బుధవారం సాయంత్రం ఒక వ్యాను కింద పడుకున్నవాడు మరి లేవలేదు. గుండె ఆగిపోయింది. ఫాదర్ అనిసే పవిత్ర తైలం పట్టుకుని పరుగెత్తేసరికి, అతని ఒళ్లంతా నుదుటి నుంచి పాదాల దాకా అప్పటికే నూనె. "ఎక్కడ రాయాలో తెలియలేదమ్మా" అని ఫాదర్ నా దగ్గర కంటతడి పెట్టారు.

శనివారం అంత్యక్రియలు. శుక్రవారం కమిటీ కూర్చున్నాం. వచ్చినవాళ్లకు పెట్టే శాండ్‌విచ్‌లలో కోడిగుడ్డా, పందిమాంసమా అన్న చర్చ తేలాక నేను మెల్లగా గొంతు సవరించుకున్నాను.

"ఒలివెత్, రేపు ఊరంతా వస్తుంది. ఈ వారం నూనె కొట్టించని బండి ఊళ్లో లేదు. బోర్డు సంగతేం చేద్దాం?"

"ఏం చేద్దామేంటి? బోర్డు బోర్డే."

"రేపు సాగనంపుతున్నది నీ తమ్ముణ్ని తల్లీ."

"అందుకే. ఊళ్లో వాళ్లందరికీ ఒక నియమం, మా వాడికి ఇంకో నియమమా? రేపు నన్ను వేలెత్తి చూపరూ?" అంది. గొంతు వణికింది కానీ మాట వణకలేదు. మూడేళ్లుగా తమ్ముణ్ని బయట నిలబెట్టిన నియమం రేపు ఒక్క పూట సడలిస్తే, ఆ మూడేళ్లూ దేనికోసం అని ఎవరైనా అడుగుతారు. ఎవరూ అడగకపోయినా ఆమె తనను తాను అడుగుతుంది. అది నాకు అర్థమైంది కాబట్టి ఇంక వాదించలేదు.

శనివారం పొద్దున మంచూ వానా కలిసి కొడుతోంది. ఒలివెత్ నల్ల కోటు మీద రోడ్డు పనివాళ్ల నారింజ రంగు చొక్కా తొడుక్కుని, చేతిలో టార్చితో గేటు దగ్గర నిలబడింది. వచ్చిన ప్రతి బండినీ ఆపింది. డెబ్బై దాటిన మనిషి, ప్రతిసారీ నడుం వంచి కింద లైటు కొట్టి చూసింది.

"మీది కారుతోంది. స్కూలు దగ్గర పెట్టుకోండి."

"స్కూలు అక్కడెక్కడో ఉంది కదమ్మా! మా అమ్మ నడవలేదు."

"అమ్మని దించి, బండి తీసుకుపొండి."

"ఒలివెత్ గారూ, మేమొచ్చింది మీ తమ్ముడి కోసమండీ!"

"తెలుసు. థాంక్స్. స్కూలు దగ్గర."

ఊరంతా స్కూలు దగ్గర దిగి, మంచి బట్టలతో, తడిసి ముద్దయి, నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ నడిచొచ్చింది. ఫాదర్ అనిసే కారును కూడా ఆమె వదల్లేదు. పాపం ఆయన తెల్లని వస్త్రం ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, నీటిగుంటల్లో గెంతుకుంటూ తన చర్చికి తాను వచ్చారు. ఆ నల్లని తారు నేల మీద ఒక్క బండి లేదు. ఇంత అందంగా ఎప్పుడూ కనబడలేదు, ఒప్పుకోవాలి.

అప్పుడు శవవాహనం వచ్చింది.

ఒలివెత్ చెయ్యి ఎత్తింది. మేమందరం గుమ్మం దగ్గర గుంపుగా నిలబడి చూస్తున్నాం. ఎవరో "అయ్యో, దీన్ని కూడానా" అన్నారు. బండి ఆగింది. డ్రైవరు లియోనెల్ అద్దం దించాడు. నేను గొడుగు పట్టుకుని ఆమె దగ్గరికి పరుగెత్తాను, కనీసం చెయ్యి పట్టుకుని పక్కకు లాగుదామని.

"ఒలివెత్ గారూ, నేనండీ. లియోనెల్‌ని."

"తెలుసు. నూనె కొట్టించావా?"

"కొట్టించానండి. బుధవారం."

"కారుతోందా?"

"కారుతోందండి. ఏం చెయ్యమంటారు చెప్పండి. మోసుకురమ్మంటే మోసుకొస్తాం, కాకపోతే మనిషి బరువైనవాడు."

"ఎవరు కొట్టారు?"

అతను తల తిప్పి వెనకనున్న పెట్టె వైపు చూశాడు.

"ఈయనేనండి" అన్నాడు. "మధ్యాహ్నం. వరసలో నా ముందు చాలామంది ఉన్నా నన్నే ముందు రమ్మన్నాడు. దీనికి బాగా కొట్టాలి లియోనెల్, ఎలాగూ నేను ఎక్కాల్సిన బండే కదా అని నవ్వాడు."

ఒలివెత్ వంగింది. ఈసారి వంగడం చాలక, ఆ తడిలో మోకాళ్ల మీద కూర్చుని, ఒక చెయ్యి నేల మీద ఆన్చి, తల కిందికి పెట్టి టార్చి కొట్టింది. వెలుగును ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిపింది. నేను గొడుగు పట్టుకుని నిలబడ్డాను, ఎవరి మీద పట్టాలో తెలియక.

"ఒక్క మూల కూడా వదల్లేదు" అంది కింద నుంచే. "చూడవే ఉగెత్. బోల్టు బోల్టుకీ కొట్టాడు. చిన్నప్పుడు వీడు ఒళ్లు సరిగ్గా రుద్దుకునేవాడు కాదు. నేనే రుద్దేదాన్ని. చెవుల వెనక."

నేనూ ఏడ్చేశాను. ఇందులో దాచుకోవడానికేముంది. లియోనెల్ కూడా అద్దం ఎత్తేసుకున్నాడు.

ఆమె లేవడానికి నా చెయ్యి అందించాను. మోకాళ్ల దగ్గర మేజోళ్లు నూనెతో నల్లబడ్డాయి. గేటుకు పక్కగా తప్పుకుని, విమానాలకు దారి చూపే వాళ్లలా టార్చితో లోపలికి ఊపింది. శవవాహనం మెల్లగా కదిలి, చుక్క చుక్కకీ రంగులు తేలే గీత గీసుకుంటూ, సరిగ్గా గుమ్మం ముందు ఆగింది. మా కమిటీలో బుద్ధిమంతురాలొకతె పరుగున అట్ట తెచ్చి దాని కింద తోయబోయింది.

"తియ్యి అది" అంది ఒలివెత్.

పూజ జరిగినంతసేపూ ఆ బండి అక్కడే నిలబడి కారింది. లోపల ముందు వరసలో ఒలివెత్ ఒక్కర్తే, పైకే ఏడ్చింది. మూడేళ్లది కలిపి ఏడ్చింది. మనిషి బతికుండగా చేయాల్సిన పని పెట్టెలో పెట్టాక చేయడంలో మా ఊరివాళ్లను మించినవాళ్లు లేరు. ఫాదర్ ప్రసంగంలో సహనం గురించి చెప్పారు. జనం తలలూపారు. చర్చి నేలమాళిగలో పెట్టిన శాండ్‌విచ్‌లు మిగల్లేదు.

ఆ సోమవారం చూస్తే గేటు దగ్గర బోర్డు లేదు. ఎవరు పీకారని అడగక్కర్లేకుండా ఒలివెత్ ఇంటి ముందు చెత్తడబ్బాలోంచి దాని కాళ్లు బయటికి కనబడుతున్నాయి. ఊరంతా ఒక్కటే మాట, చూశారా, ఎంత మారిపోయిందో, ఎంతటి మనిషినైనా చావు మెత్తబరుస్తుంది అని. నేనూ అన్నాను. తర్వాతి ఆదివారం జనం బండ్లన్నీ తెచ్చి తారు మీద బారులుగా నిలిపారు. అన్నీ కారుతున్నాయి. ఒలివెత్ నడుచుకుంటూ వచ్చి, వాటి మధ్య నుంచే, ఎటూ చూడకుండా లోపలికి వెళ్లింది.

నేను కాస్త ఆలస్యంగా వచ్చాను. వాన కొడుతోంది. గుమ్మం ముందు చక్కటి జాగా ఒకటి ఖాళీగా కనబడింది. ఇంత మంచి చోటు నాకోసం వదిలారా అనుకుంటూ కారు పెట్టి ఇంజను ఆపాను. గొడుగు వెతుక్కుంటుంటే అద్దం మీద టకటకమని చప్పుడు. చూస్తే ఒలివెత్. నెత్తి మీద గుడ్డ కూడా లేకుండా, తడుస్తూ, పూజ మధ్యలోంచి లేచి వచ్చింది.

"వెనక్కి తియ్యి" అంది.

"అదేంటే, బోర్డు నువ్వే తీసేశావు కదా!"

"తీసేశాను. ఎక్కడైనా పెట్టుకో. మొత్తం నూనె పోసుకోండి, నాకేం పట్టదు. ఇక్కడ మాత్రం వద్దు."

"ఏం, ఇక్కడేముంది?"

ఒలివెత్ నా కారు చక్రం కింద, శవవాహనం వదిలిన మరక వైపు చూసింది.

"వెనక్కి తియ్యవే. మా తమ్ముడి మీద పెట్టావు" అంది.