లావా కింది కిటికీ

హార్బర్ దాటకముందే బకెట్లు వరసగా పెట్టాలి. కెరటం తగిలాక కక్కుకునే టూరిస్టులు ఎలాగూ కక్కుకుంటారు, కడిగేది మాత్రం ఎర్లాయే. కోకో కాచడం, మెలికలు తిప్పి వేయించిన క్లైనాలు పంచడం, మోకులు విప్పడం, కట్టడం, టోపీ ఎగిరిపోయినవాళ్లని ఓదార్చడం, అన్నీ ఆమె వాటా. చుక్కాని ముసలి గీస్లీది. మైకు పట్టుకుని, హేమేయ్ దీవి చుట్టూ తిరిగినంతసేపూ కథలు చెప్పడం ఆమె మొగుడు స్టైనర్ వాటా. "మావాడిది రేడియో గొంతు. నీ చేతికి గరిటె బాగా అమిరిందమ్మా," అంటూ అత్తగారు పెళ్లయిన ఏడాదే పనులు పంచేసింది. ఇరవై రెండేళ్ల కిందటి మాట. ఆవిడ మెచ్చుకుంటోందనే అనుకుంది అప్పట్లో, పిచ్చిమొహం!

ఆ రోజు జూన్ ఎండ వెచ్చగా కాస్తోంది. పడవ ఏనుగురాయి దాటి, దక్షిణపు కొస చుట్టి, తూర్పున నల్లటి లావా గోడ కిందికొచ్చింది. దాని వెనక, నిప్పులు కక్కుతూ నేల చీల్చుకొచ్చిన కొత్త కొండ. ఎర్లాకి తొమ్మిదేళ్లప్పుడు పుట్టింది కాబట్టి వయసులో ఆమెకి చెల్లెలే. చెల్లెలు పుడుతూనే అక్క ఇంటిని మింగేసింది.

స్టైనర్ గొంతు బరువెక్కించాడు. "సరిగ్గా ఇక్కడే, నూరడుగుల లోతున, మా ఇల్లుంది."

మా ఇల్లట! అవతలి పెద్దదీవిలో గొర్రెల మధ్య పెరిగినవాడు. ఇక్కడ నిప్పులు కురిసిన రాత్రి అక్కడ ముసుగుతన్ని నిద్రపోయినవాడు. మొదటిసారి విన్నప్పుడే అడిగింది. "మొగుడూ పెళ్లాల మధ్య నీదీ నాదీ ఏంటే? నా నోట బాగుంటుందిలే," అన్నాడు. ఊరుకుంది. ఊరుకోగా ఊరుకోగా, అసలా ఇంట్లో తనెప్పుడైనా ఉందా అని ఆమెకే అనుమానం మొదలైంది. లావాకి పోయిన ఇల్లు ఇప్పుడు మైకుకి కూడా పోతోందని బెంగగా ఉంటోంది.

ముందు వరసలో స్వెటర్ అల్లుకుంటున్న ముసలావిడ, రాజధాని రేక్యవిక్ నుంచి వచ్చింది, చేతులాపింది. "నీ గది కిటికీలోంచి ఏం కనపడేది నాయనా?"

స్టైనర్ నీళ్లు నమిలాడు. "కిటికీయా... అదీ... సముద్రం..." మేజోళ్లు కనపడనప్పుడు చూసే చూపొకటి ఎర్లా మీద పారేసి, మైకు చేత్తో మూశాడు. "చెప్పవే, తొందరగా!"

జవాబు నోటిదాకా వచ్చేసింది, అలవాటు కదా. అందిస్తే రేపట్నుంచి ఆ కిటికీ కూడా అతనిదే. ఆమె కోకో కెటిలు అతని చేతిలో పెట్టి, మైకు అందుకుంది.

"ఆయనకి తెలీదులెండి. ఆ ఇల్లు నాది." ఆమె లావా గోడ వైపు వేలు చూపించింది. "కిటికీలోంచి పక్కింటి సిగ్గా మామ్మ చేపలారేసే తీగ కనపడేది. మా పిల్లికి పొద్దస్తమానం అదే సినిమా."

అందరూ గొల్లున నవ్వారు. ఆ నవ్వు ఆమె అరికాళ్లదాకా దిగింది.

"ఊరు వదిలేటప్పుడు అందరూ ఫొటోలు పట్టుకొచ్చారు, మా అమ్మ రొట్టెకి కలిపిన పిండిగిన్నె పట్టుకొచ్చింది. చేపల పడవలో నాలుగు గంటలు. మేం కక్కుకుంటూనే ఉన్నాం, అమ్మ ఒళ్లో పిండి పొంగుతూనే ఉంది. ఒడ్డు చేరేసరికి గిన్నె దాటి అమ్మ కోటు మీదంతా పాకింది! ఎవరో మహాతల్లి పొయ్యిలో కాల్చుకుని తిన్నాం. అలాంటి రొట్టె చెయ్యడం ఇప్పటికీ నావల్ల కాలేదు."

ముసలావిడ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. గీస్లీ చుక్కాని వదిలి చప్పట్లు కొట్టబోయి తమాయించుకున్నాడు.

"బాగుందిలే. ఇంక ఇటివ్వు, పాట పాడే గుహ వస్తోంది," అన్నాడు స్టైనర్.

"గుహలో చిన్నప్పట్నుంచీ పాడుకున్నది నేను. నువ్వెళ్లి అందరికీ కోకో పొయ్యి, చల్లారిపోతోంది."

అతను కెటిలు వైపు చూశాడు, జనం వైపు చూశాడు, కిందికి దిగాడు. పడవ గుహలోకి జారింది. అమ్మ పాడే జోలపాట ఎత్తుకుంది ఎర్లా. గుహ మొత్తం వంత పాడింది. ఇంత గొంతు నాకుందా అని ఆమెకే ఆశ్చర్యం, పట్టలేనంత సంతోషం.

పాట అయ్యీ అవగానే కిందనుంచి కేక. "ఎర్లా! పంచదార ఎక్కడుందే?"

ఆమె నోటి దగ్గర్నుంచి మైకు తియ్యకుండానే చెప్పింది. "పై అరలో, ఎడం పక్కన. ఇరవై రెండేళ్లుగా అక్కడే ఉంది."