కరెంటు లేని పచ్చ షెడ్డు

ముందుగా ఒక మాట. నాకు అక్షరాలు ముసలితనంలో వచ్చాయి. మా ఆయన యేసుదాసు పోయాక, బైబిలు ఇంకొకరితో చదివించుకోవడం ఇష్టం లేక, చర్చి వరండాలో పిల్లల పక్కన కూర్చుని నేర్చుకున్నాను. ఒత్తులు తప్పుతాయి. ఒక పేజీ రాయడానికి ఒక పూట పడుతుంది. కార్మికులారా, కాలేజీ పిల్లలారా, నా రాతలో తప్పులుంటే దిద్దుకుని చదవండి. జరిగినదాన్ని మాత్రం దిద్దకండి.

మా కోడలు గ్రేస్‌ను జీపు ఎక్కించిన రోజు నుంచి మొదలుపెడతాను.

కరీంనగర్ దాటాక మా ఊరి వెనక రాజేశ్వర్‌రావు గ్రానైట్ క్వారీ ఉంది. రాయి అయిపోయి గుంత మిగిలింది. ఆ గుంతలో మేము, ఆడవాళ్లం, వైర్లు కాలుస్తాం. పాత కంప్యూటర్లు, టీవీలు, ఫోన్లు, మిక్సీలు లారీల్లో వస్తాయి. వాటిని విప్పి, వైర్లు కుప్ప పోసి కాలిస్తే పైనున్న ప్లాస్టిక్ పోయి రాగి మిగులుతుంది. ఆ పొగ నల్లగా, బరువుగా ఉంటుంది. గుంతలోంచి పైకి పోవడానికి దానికి తొందర ఉండదు. ముందు మా ఛాతీల్లోకి వస్తుంది.

ఆ మధ్యాహ్నం గ్రేస్ కర్రతో కుప్పను కదుపుతోంది. కాలుష్యం ఆఫీసు సార్లు, పోలీసులు ఉన్న జీపు వచ్చి ఆగింది. దిగినవాళ్లు ముందు ఫోటో తీశారు, తర్వాత మాట్లాడారు.

"నిప్పు పెట్టింది ఎవరు?"

మేమందరం ముత్తయ్య వైపు చూశాం. ముత్తయ్య మా మేస్త్రీ. పొద్దున డీజిల్ సీసా, అగ్గిపెట్టె ఇచ్చింది అతనే. ఇప్పుడు అతను గుంత గోడలను చూస్తున్నాడు, ఆ రాళ్లను ఎన్నడూ చూడనట్టు.

జీపు లేపిన దుమ్ము ఇంకా అణగలేదు, రాజేశ్వర్‌రావు కారు దిగాడు. ఇస్త్రీ చొక్కా, జేబు మీద పచ్చ ఆకు బిళ్ల. ఇంత తొందరగా ఎలా వచ్చాడు? కబురు ఎవరు పంపారు?

"ఎన్నిసార్లు చెప్పిన్నే మీకు, కాల్చొద్దని! లోపట మెషీన్ ఉండంగ గీ పొగ ఏంది?" అని అరిచి, అధికారుల వైపు తిరిగాడు. "వీళ్లు నా మాట వినరు సార్. రాగి దొంగతనంగ అమ్ముకుంటున్నరు."

గ్రేస్ కర్ర వదల్లేదు. "దొరా, పొద్దున మీ ముత్తయ్య డీజిల్ ఇయ్యలే?"

"చూసిండ్రా సార్, దీని నోరు!"

పోలీసు ఆ కర్ర లాక్కుని సాక్ష్యమని జీపులో పెట్టాడు. కర్ర పక్కన గ్రేస్‌ను కూర్చోబెట్టాడు. "అత్తమ్మా, పిల్లకు అన్నం పెట్టు" అని మాత్రం అంది.

మర్నాడు పేపర్లో ఆమె ఫోటో వచ్చింది. కింద అక్షరాలు నేనే కూడబలుక్కున్నాను. గాలికి విషం పెట్టిన మహిళ అట. పచ్చ షెడ్డు యజమాని అధికారులకు ఎంతో సహకరించాడట.

ఆ షెడ్డు సంగతి చెప్పాలి. ఫోనైనా టీవీయైనా, తయారైన రోజు నుంచి పారేసే రోజు దాకా గాలికీ నేలకూ చెరుపు చేయకూడదని సర్కారు పథకం పెట్టింది. అమ్మిన కంపెనీలే పాతవాటిని వెనక్కి తీసుకుని పొగ లేకుండా విప్పించాలట. మాట మంచిదే. రిబ్బన్ కత్తిరించిన రోజు మేమూ చప్పట్లు కొట్టాం. రాజేశ్వర్‌రావుకు పచ్చ రంగు వేసిన షెడ్డు వచ్చింది, వైరు తోలు ఒలిచే పెద్ద మెషీన్ వచ్చింది. మాకు చేతి తొడుగులు, మాస్కులు వచ్చాయి. సాయంత్రానికి ముత్తయ్య వాటిని వెనక్కి తీసుకుని బీరువాలో పెట్టాడు.

షెడ్డుకు కరెంటు మాత్రం రాలేదు. స్తంభాలు క్వారీ మలుపు దాకా వచ్చి ఆగిపోయాయి. తనిఖీ ఉన్న రోజు సిద్దిరాములు టెంట్ హౌస్ నుంచి జనరేటర్ వచ్చేది, పెళ్లి పందిళ్ల వెనక దడదడలాడుతుందే, అదే. సార్లు వస్తే మెషీన్ నడిచేది, మేము తొడుగులు వేసుకుని వరసగా నిలబడేవాళ్లం. సార్లు పోగానే జనరేటర్ పెళ్లికి, మేము గుంతలోకి.

"మన మెషీన్‌కు అప్పుడప్పుడు పెండ్లయితది వదినె" అనేది నాతో పనిచేసే భూమవ్వ. "కాపురం మాత్రం మనం చెయ్యాలె, గుంతల."

గ్రేస్‌ను పట్టుకుపోయిన వారమే ముత్తయ్య మా ఇంటికి వచ్చాడు. గడప లోపలికి రాలేదు.

"రావుసాబ్ బెయిల్ ఇప్పిస్తనన్నడు. రాగి కోసం నేనే కాల్చిన అని గ్రేస్ ఒప్పుకోవాలె, గంతే."

"నువ్వు డీజిల్ ఇచ్చిన సంగతి?"

"నన్నెందుకు గుంజుతవ్ అక్కా? నాకు పిల్లలున్నరు."

"దానికి లేరా?"

ఆదివారం ఆరాధన అయ్యాక గుంత పని చేసేవాళ్లం చర్చిలోనే ఉండిపోయాం. వేరే కులాలవాళ్లు, భూమవ్వ లాంటివాళ్లు, చెప్పులు బయట విడిచి వచ్చి కూర్చున్నారు. ఇక్కడి మాట దొర ఇంటికి మోసేవాళ్లు ఎవరా అని ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

చివరికి వినోద లేచింది. గుంతలో మా అందరికంటే చిన్నది, డిగ్రీ మధ్యలో మానేసిన పిల్ల.

"చెప్పేటోళ్లు పోయి చెప్పుకోండ్రి, నేనైతే గట్టిగనే మాట్లాడుత. గ్రేస్ ఒప్పుకుంటె రేపు మనందరం దొంగలమే. ఎప్పుడు పొగ లేసినా మనల ఒకదాన్ని జీపెక్కిస్తరు. దొర మాత్రం పచ్చగుంటడు."

"ఏం చేద్దామంటవ్? షెడ్డు మూపిస్తవా? పొయ్యెట్ల వెలుగుతది?" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"మూపిచ్చుడు ఎందుకు? నడిపియ్యమందాం! మెషీన్ మనకోసమే అన్నరు గదా. కరెంటియ్యమందాం. ఢిల్లీ నుంచి పెద్ద సార్లు వస్తున్నరట. ఆ రోజు జనరేటర్ బందయితె చాలు, బండారం బయటపడ్తది."

"సార్లకు తెలిస్తె ఊకుంటరా? దొర మెడ మీద కూసుంటరు" అన్నాను నేను. నేను అలాగే నమ్మాను. సార్లు మోసపోతున్నారని, వాళ్లకు ఎవరో చూపించాలని. అందరం అలాగే నమ్మాం.

సిద్దిరాములు దగ్గరికి గుంపుగా పోయాం. అతను గిన్నెలు తోమిస్తున్నాడు.

"అక్కా, రావుసాబ్ ఇంటి పెండ్లిళ్లన్నీ నాయే. నా పొట్ట కొట్టకుండ్రి."

"మా ఇండ్లల్ల పెండ్లిళ్లు కావా? చావులు కావా?" అంది భూమవ్వ. "రేపటి సంది నీ కుర్చీ మీద మా వాడకట్టోళ్లు ఎవరన్న కూసుంటరేమో చూస్త. పీనుగును గూడ నీ టెంటు కింద పండవెట్టం."

"పీనుగు అడుగుతదా ఏంది, గిది ఎవరి టెంటని?"

అందరం నవ్వాం. అతనూ నవ్వాడు. నవ్వు ఆగాక ఒక గిన్నె ఎత్తి, అడుగు చూసి పక్కన పెట్టాడు.

"జనరేటర్ పంపకుండ ఉండలేను. డీజిల్ ఎంత పోస్తరో పోరగాళ్లు... నాకేం తెల్వది."

తనిఖీ రోజు వచ్చింది. కార్లు, కెమెరాలు. ముత్తయ్య తొడుగులు పంచాడు. నా చేతిలో బంతిపూల పళ్లెం పెట్టి మెషీన్ పక్కన నిలబెట్టారు. ఢిల్లీ నుంచి వచ్చిన మేడం బటన్ నొక్కింది. మెషీన్ గర్జించింది, వైరు తోలు రాలింది. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక జనరేటర్ దగ్గింది, మళ్లీ దగ్గింది, ఆగిపోయింది. మెషీన్ సగం వైరు నోట్లో పెట్టుకుని నిలిచిపోయింది.

"మేడం!" వినోద ముందుకు దూకింది. "గీ షెడ్డుకు కరెంటే లేదు! గది పెండ్లిళ్ల జనరేటర్! గుంతల మాతోని కాల్పిస్తరు. దొర తప్పుకు మా గ్రేస్‌ను జైల్ల పెట్టిండ్రు!"

ఇక అయిపోయింది దొర పని అనుకున్నాను.

మేడం కెమెరామన్ వైపు తిరిగింది. "నడుస్తున్నప్పుడు తీశావు కదా?" తీశానన్నాడు. ఆమె చేతికి అంటిన బంతిరేకు దులుపుకుని కారు వైపు నడిచింది.

నా పక్కనే నిలబడ్డ మన జిల్లా అధికారి రాజేశ్వర్‌రావు చెవి దగ్గరికి వంగాడు. మెల్లగానే అన్నాడు, నాకు వినపడింది.

"పోయినసారే చెప్పిన గదా రావుగారు, జర పెద్ద జనరేటర్ తెప్పియ్యమని?"

వీళ్లకు ముందే తెలుసు. తెలిసే వచ్చారు, తెలిసే గ్రేస్‌ను పట్టుకుపోయారు. మేము ఎవరికి చూపిద్దామనుకున్నామో, ఆ నాటకం ఆడిస్తున్నది వాళ్లే. పొగ ఎక్కడ లేస్తుందో వాళ్లకు తెలుసు. అది ఎవరి పేరున రాయాలో కూడా తెలుసు.

ఆ మాట నేను గట్టిగా అందరికీ చెప్పాను. ఆడవాళ్లు తొడుగులు విప్పి మెషీన్ మీద పెట్టారు. ఎవరు ముందు కదిలారో తెలియదు. మేము పోయి గేటులో కూర్చున్నాం. బయట రోడ్డు మీద లోడు లారీ హారన్ కొడుతోంది.

"లేవుండ్రి!" అన్నాడు రాజేశ్వర్‌రావు.

"గ్రేస్ రావాలె, కరెంటు రావాలె. గప్పటిదాక గీ గేట్లకెల్లి లోడు రాదు" అన్నాను.

"సంతోషమ్మా, యేసుదాసు ఉన్నప్పుడు నా ముంగట కూసోకపోతుంటివి."

"గందుకే గింతదాక వచ్చింది దొరా."

సాయంత్రం పోలీసులు వినోదను, భూమవ్వను, ఇంకొంతమందిని ఈడ్చుకుపోయారు. భూమవ్వ వ్యాను మెట్టు మీద నిలబడి, "నా జాగ పోనియ్యకుండ్రే!" అని అరిచింది. ఆ జాగాలోకి చర్చి నుంచి ముగ్గురు, ఆమె వాడకట్టు నుంచి ఇద్దరు వచ్చి కూర్చున్నారు. ఆ లారీ వెనక్కి తిరిగింది. మర్నాటి లారీ కూడా.

జైలుకు పోయి గ్రేస్‌ను చూసి వచ్చాను. కాగితం మీద వేలిముద్ర వేస్తే ఇంటికి పంపుతామని మళ్లీ అడిగారట. "పిల్ల నన్ను అడుగుతుందా అత్తమ్మా?" అంది. అడుగుతోందన్నాను. "ముద్ర ఎయ్యలే" అంది.

నిన్న మెట్‌పల్లి బస్సు దిగి ఇద్దరు ఆడవాళ్లు గేటు దాకా నడిచి వచ్చారు. వాళ్ల చేతులు చూడగానే ఏ పని చేస్తారో మాకు తెలిసింది. దొర మనుషులేమోనని మాలో కొందరు అనుమానంగా చూశారు. పెద్దామె నా ముందు గొంతుక్కూర్చుంది.

"మా దిక్కు గూడ గిసొంటి షెడ్డే పెట్టిండ్రు అక్కా. మెషీన్ ఉంది, కరెంటు లేదు. నిన్న మావోళ్లల్ల ఒకామెను తీస్కపోయిండ్రు." ఆమె దగ్గి, గొంతు సర్దుకుంది. "మీరు మొదలు ఎట్ల కూసున్నరు? ఎవ్వరు ముందుగాల కూసున్నరు?"

మేము జరిగాం. వాళ్లు మా మధ్య కూర్చున్నారు.

సంతోషమ్మ, అరవై మూడేళ్లు. ఇప్పుడు ఉండేది షెడ్డు గేటు ముందు, టార్పాలిన్ కింద.