కందుకాభిమాన గణనము

ఆశ్వయుజమాసము. నాలుగునెలలు కురిసి కురిసి యలసిన మేఘములు ఉతికి యారవేసిన ధోవతులవలె దెల్లబడి యాకాశమున నిట్టట్టు తిరుగాడుచుండెను. వంశధారానది క్రొత్తనీటి యెరుపు విడిచి తేటపడి యిసుకతిన్నెల నొరసికొనుచు మందగతిని బ్రవహించుచుండెను. అస్తాద్రిశిఖరాసన్నుండైన భానుని కుంకుమారుణకిరణములు కుముదాపుర కళాశాలాభవనమున కెదుట నున్న విశాలక్రీడాంగణముపై వ్రాలగా నందు బదునొకండ్రు యువకులు మోకాళ్లదాక బురద పూసికొని యొక తోలుబంతిని దన్నుచు బరుగిడుచు బడుచు లేచుచు లోకమున నింతకంటె ఘనకార్యము మరియొకటి లేనట్లు స్వేదజలసిక్తగాత్రులై యుండిరి. పండితులు పాదకందుకక్రీడ యనియు దక్కినవారు ఫుట్‌బాలనియు జెప్పు నాట యిదియే. ఏ పేరున బిలిచినను బురద మాత్రము సమానము.

అంగణపు గట్టున నొక రాతిపై గూర్చుండి గొడుగుపిడిపై గడ్డము మోపి యీ సంరంభమును జూచుచున్న యేబదియేండ్ల పెద్దమనిషి తత్కళాశాలా గణితోపన్యాసకుడగు తాతా కామేశ్వర చయనులుగారు. ఆయన కాట తెలియదు. ఏ గోలు ఎవరిదో యడిగినను జెప్పలేడు. అట్టివాని నెత్తిన నానాటి యుదయమున గొండంత బరువు పడినది. కళాశాలా నిర్వాహకసభవారు ఆ యంగణమును ద్రవ్వించి యచట ధాన్యపుమర నెలకొల్పుదమని తలపోయుచుండిరి. సభాధ్యక్షుడైన రాజా ముకుందభూపతి బహద్దరువారు మితభాషి. అందరి మాటలును విని కడకు మీసము సవరించుకొని యిట్లు సెలవిచ్చిరి. "ఊరికి నిజముగా నీ యాటపై మక్కువ గలదేని యంగణ ముండుగాక. వేయిమందికైన మక్కువ లేనిచో బదునొకండ్రు పిల్లవాండ్ర గంతులకై యింత నేల పాడుపెట్టనేల? ఎవరైన లెక్కించి చెప్పుడు." లెక్క యనుమాట వినబడగానే సభవారందరును గణితోపన్యాసకుని వంక దిరిగిరి. లెక్కలు చెప్పువాని బ్రదుకంతయు నింతే గదా.

చీకటి పడుచుండగా జట్టునాయకుడు కుందేటి పైడన్న బురదకాళ్లతో వచ్చి చయనులుగారి యెదుట నిలుచుండెను. చేనేతవారి బిడ్డ. ఆటయందలి నేర్పునుబట్టి వానికి జదువుజీతము మాఫుచేసి కళాశాలవారు చేర్చుకొనిరి. జట్టు పోయిన నాడు వాని చదువును బోవును. లెక్కలలో నంతటి శిష్యుడు చయనులుగారికి మరి దొరకడు.

"వేయిమంది యుందురా పంతులుగారూ?" అని పైడన్న మెల్లగా నడిగెను.

"వేయి యేమి నాయనా? పదివేలుందురనియే నా తలంపు" అని చయనులుగారు వాని వీపు దట్టిరి.

మరునాటినుండి యాయన కాలికి బలపము గట్టుకొని తిరుగసాగెను. ఊరంతటిని నడుగుట మానవసాధ్యము కాదు గనుక నిరువదియిండ్ల కొక యిల్లు చొప్పున నేరి యా యింటివారి జవాబును మిగిలినవారికిని జెల్లించుట యాయన యెన్నుకొన్న పద్ధతి. ప్రతి గుమ్మమున నిలిచి గొడుగు ముడిచి "మన కళాశాల బంతియాట జట్టుపై మీయింట నెందరికి మక్కువ గలదు?" అని యడుగుచుండెను. అందరికిని గలదని యొకరు. లేకేమండి యని యింకొకరు. ఒక యింటివారు తొట్టిలోని పసిబిడ్డను సైతము చేర్చి చెప్పిరి. వారము తిరుగకముందే చయనులుగారు మొత్తము కట్టి చూడగా నభిమానుల సంఖ్య పదునాలుగువేలని తేలినది. ఊరి జనసంఖ్యయు సుమారుగా నంతియే. ఆహా, కుముదాపురమున బంతియాటను బ్రేమింపని ప్రాణియే లేదుగదా యని యాయన పొంగిపోయెను.

కాని గణితవేత్త మనస్సు శుద్ధసంశయాత్మకము. లెక్క మరీ చక్కగా వచ్చిన నాయనకు నిద్రపట్టదు. తన జాబితాలోని వస్త్రవర్తకుడు గ్రంధి సుబ్బారాయుని యంగడికి మరల బోయి కూర్చుండి యాయన యిచ్చిన తాంబూలము వేసికొని "సుబ్బారాయుడుగారూ, ఏటి యావలియొడ్డు కళాశాల జట్టుపై మీకు మక్కువ గలదా?" అని యడిగెను.

"అయ్యో, ఎంతమాట. గలదండి" అనెను సుబ్బారాయుడు.

"మనకును వారికిని బోటీ జరుగునప్పు డెవరు గెలువవలెనని కోరుదురు?"

వర్తకుడు కొంతసే పాలోచించి మిక్కిలి వినయముతో "తమరెవరు గెలువవలెనందురో వారే గెలువవలెనండి" అనెను.

చయనులుగారి నోట దాంబూలము చేదెక్కినది. "నిజము చెప్పుడు. మీ రెన్నడైన నాట చూచితిరా?"

"లేదండి. తమవంటి పెద్దలు గుమ్మము ద్రొక్కి ప్రేమతో నడుగగా లేదని మొగము మీద జెప్పుట యెట్లండి?"

మొగమాటమను మహాగుణ మొకటి మనవారియం దున్నది. దానివలన నెన్నో సంబంధములు కుదిరినవి. ఎన్నో విందులలో నెన్నో కడుపులు చెడినవి. ఆనాడు కామేశ్వర చయనులుగారి వారముదినముల గణితము దానిపాలబడి నీరుగారిపోయెను. ఆ పదునాలుగువేల సంఖ్యనే సభలో జదివినచో గాదనువాడు లేడు. అంగణము దక్కును. పైడన్న చదువు నిలుచును. ఈ యాలోచన యాయనకు రాకపోలేదు. వచ్చినది, కూర్చున్నది, రెండుదినములు కదలలేదు. కాని ముప్పదియేండ్లుగా నల్లబల్లపై దప్పుడులెక్క వ్రాసిన శిష్యుని చెవి మెలిపెట్టిన చేయి తానే తప్పుడులెక్క వ్రాయుటకు లేవదయ్యెను.

ఇంతలో గార్తికశుద్ధమున నావలియొడ్డువారితో బోటీ వచ్చినది. అంగణము గట్లు తెగునంతగా నిండినది. జనమును జూచి చయనులుగారి కాశ కలిగెను గాని రాజావారి యేనుగును బ్యాండుమేళమును జూడ వచ్చినవారెందరో బంతిని జూడ వచ్చినవారెందరో విడదీయుట బ్రహ్మకైన దరమా? ఆవలివారొక గోలు చేసిరి. మనవారు తలక్రిందులుగా బోరాడిరి. కడపటి నిమిషమున బంతి పైడన్న కుడికాలి యెదుటికి దానై వచ్చి నిలిచినది. ఎదుట గోలుకాపరి తప్ప నొక్కడును లేడు. వేలాది ప్రజ యూపిరి బిగబట్టినది. ఏ దుర్ముహూర్తముననో పైడన్న యడుగు మార్చి యెడమకాలితో దన్నెను. బంతి గోలుపైనుండి యెగిరి చెరకుతోటలో బడెను. ఈల మ్రోగినది. రాజావారు చాందినీ క్రిందనుండి లేచి ముఖమున నే వికారమును లేక యేనుగునెక్కి వెడలిపోయిరి.

మరునాడు చయనులుగారు కాళ్లీడ్చుకొనుచు గూరగాయలకై బయలుదేరెను. దారిలో సుబ్బారాయుడు చేతిలోని గజముబద్ద దింపకయే "మనవారోడిరటగదా పాపము. పోనిండి, ఆటయన్న గెలుపోటములు సహజములు" అని మర్యాదగా నోదార్చెను. నాలుగడుగులు వేయగానే తన యరుగుపై వడియములు పెట్టుచున్న మంగమ్మ యను ముదుసలి పిండిచేతితోనే యాయనను బిలిచెను. ఆమెయు జాబితాలోనిదే. అడిగిననాడు తలుపుచాటునుండి గలదని యొక్కమాట పలికి లోనికి బోయినది.

"ఏమయ్యా చయనులూ, నీ శిష్యునికి బుద్ధియున్నదా? కుడికాలెదుట బంతి పెట్టుకొని యెడమకాలితో దన్నుమని వాని కే శుంఠ చెప్పెను? మా మేడమీద నిలుచుండి కన్నులు కాయలు కాచునట్లు చూచితిని. వాని చేతులు విరుగ, మన గోలుకాపరి యేమి చేయుచుండెను? మధ్యాహ్నము దిన్న పులిహోర యరిగినది కాదేమో. రాత్రి నాకు మెతుకు సహించలేదు. వానిని రమ్మను, చెవులు పిండెదను" అని యామె యేకధాటిగా దిట్టి తిట్టి తుదకు గన్నీరు పెట్టుకొనెను.

చయనులుగారు నడివీథిలో గొడుగూని నిలుచుండిపోయెను. పరాయివాడు పడినచో నయ్యో పాపమందుము. కన్నకొడుకు పడినచో గన్నులు కానవా యని కసరి పిమ్మట మోకాలు చూతుము. గుమ్మములోని చుట్టమునకు దాంబూల మిత్తుము గాని కోపమును మాత్రము వంటయింటిలోనివారికే దాచియుంతుము. ఇంత తెలిసిన విషయము వారముదినములు తిరిగియు దనకు దోపలేదు గదా యని యాయన తన్ను దానే తిట్టుకొనెను.

కూరగాయల మాట మరచి యాయన మరల రెండుదినములు వెనుకటి యిండ్లకే పోయెను. ఈసారి యేమియు నడుగలేదు. "బోటీలో మనవారోడిరి" అని యొక్కమాట యని యూరకుండెను. ఓదార్చినవారిని విడిచిపెట్టెను. తిట్టినవారిని లెక్కించెను. కంసాలి యొకడు సుత్తి పడవైచి నిలుచుండి తిట్టెను. పురోహితు డొకడు సంకల్పము నడుమ నాపి తిట్టి యెచ్చటనాపెనో మరచి మొదటినుండి ప్రారంభించెను. ఒక యింట మగడొకనిని భార్య యొకనిని దిట్టుచు దమలో దామే కలహించిరి. చయనులుగారు చెవులార విని యొక్కొక్కరిని వెనుకటివలె నిరువదిమందిగా నెంచి మొత్తము కట్టిరి. ఏడువందల నలువది. మరల గట్టిరి. అదే యేడువందల నలువది.

రెండవనాటి సాయంకాలము పైడన్న యాయన వాకిటికి వచ్చి తలవంచుకొని నిలిచెను. "పంతులుగారూ, నేనాట మానెదను. వీథిలో దలయెత్తి నడువలేకున్నాను. కనబడిన వారెల్ల దిట్టుచున్నారు."

"నాయనా, నిన్ను దిట్టినవారే నీవారు. వారు చాలినందరు లేరనియే నా దుఃఖము" అని చయనులుగారు వానిని బ్రక్కను గూర్చుండబెట్టుకొని జరిగినదంతయు జెప్పి సంఖ్యయు జెప్పెను.

పైడన్న యరుగుపై వ్రేలితో నేడువందల నలువది యని వ్రాసి చూచెను. పిదప "ఉన్నదే చదువుడు పంతులుగారూ. మీరు నేర్పిన లెక్క మీరే తప్పనేల?" అని లేచిపోయెను. అరుగుపై నొంటిగా మిగిలిన చయనులుగారు పైపంచెతో గన్నులొత్తుకొనిరి.

సభ కూడినది. చయనులుగారు మొదటి సంఖ్యను అది తప్పైన విధమును రెండవ సంఖ్యను అది దొరకిన విధమును దాచక విన్నవించెను. తిట్లు లెక్కించితినని చెప్పగానే సభ్యులు నోళ్లకు జేతు లడ్డము పెట్టుకొనిరి. రాజావారు మాత్రము నవ్వలేదు. "వేయికి దక్కువ" అని శాంతముగా బలికి ధాన్యపుమర కాగితమును దగ్గరకు లాగికొని కలము సిరాలో ముంచిరి. ముంచిన కలము కాగితముపై వ్రాలలేదు. రాజావారి మీసము కదలసాగెను.

"చయనులుగారూ, ఒక్కమాట. ఆ పిల్లవాడు కుడికాలెదుట బంతి యుండగా నెడమకాలితో నేల తన్నెను?"

"తెలియదు ప్రభూ."

"తెలియకేమి? కన్నులు నెత్తికెక్కి. అంత దగ్గరనుండి నా యేనుగు తన్నినను గోలగును. పదునొకండ్రును గలిసి నా పరువు ఏటిలో గలిపిరి. మూడుదినములనుండి నాకు గన్ను మూతపడలేదు. పండుకొన్నచో నా పాడుబంతియే కానవచ్చుచున్నది. వానిని నా యెదుటికి రప్పింపుడు, కాళ్లు విరుగగొట్టి మరల నేనే కట్టుకట్టించెదను" అని రాజావారు లేచి నిలుచుండి బల్ల గ్రుద్దిరి. తలపాగ జారి చెవిపై బడినది.

చయనులుగారు మెల్లగా లేచి చేతులు జోడించెను. "ప్రభువులు క్షమింపవలెను. నా లెక్క మరల దప్పినది. నోరువిప్పి తిట్టినవారిని మాత్రమే లెక్కించితిని. పెద్దరికముచే బెదవి కదపక మూడుదినములు లోలోన గుములుచున్నవారు ఊర నెందరుందురో నేనెరుగను. ఎరుగుదునని చెప్పజాలను."

రాజావారు తలపాగ సరిచేసికొనుచు జాలసేపు కిటికీవైపు చూచిరి. ప్రక్కనున్న దివానుగారు సందు చూచుకొని "మన గోలుకాపరి నిలుచున్న చోటును సరికాదు ప్రభూ" అని గొణిగెను. "సరికాదుగదా" అని రాజావారు చప్పున నిటు దిరిగిరి. పిమ్మట దమ మాటకు దామే సిగ్గుపడి కలము దుడిచి పెట్టెలో బెట్టి "తెలియని లెక్కనుబట్టి నేల ద్రవ్వింపరాదు. మర యింకొకచోట గట్టుకొనుడు" అని సెలవిచ్చి గబగబ వెడలిపోయిరి.

సభ జరిగిన మరునాటి సాయంకాలము పైడన్న యంగణమున నడుగిడగానే గట్టుపైనుండి యొక గొంతు "కుడికాలురా దరిద్రుడా, కుడికాలు" అని యరచెను. ఎవ్వరో యని చూచుటకైన నాతడు తిరుగలేదు. తలయెత్తి చిరునవ్వుతో బంతివెంట బరుగిడెను.