ఎడిల్సన్ చొక్కా విప్పిన రోజు

"ఎలాగూ కూర్చునే ఉంటావుగా, ఈ దుంపలు చెక్కు తీసెయ్," అంటూ అత్తగారు ఓతిలియా సోమవారం పొద్దున్నే బుట్ట తెచ్చి యామిలే ముందు పెట్టింది. కూర్చునే ఉంటుందట! ఏడో నెలలో పుట్టిన పిల్లని రొమ్ముల మధ్య నిలువుగా కట్టుకుని, పదహారు రోజులుగా కూర్చునే నిద్రపోతోంది యామిలే. బొగోటా చలిలో ఆ పిల్లకి వాళ్లమ్మ ఒళ్లే కుంపటి. రాత్రీ పగలూ దించొద్దని, అమ్మ అలిసిపోతే నాన్న కట్టుకోవాలని ఆస్పత్రివాళ్లు మరీ మరీ చెప్పి పంపారు. అక్కడ తలూపిన మొగుడు ఎడిల్సన్ ఇంటికొచ్చాక, "మగాడి రొమ్ము మీద పిల్లేంటే, గ్యారేజీలో తోటి పనోళ్లు నవ్వుతారు," అన్నాడు. ఇంకేముంది, వంటకీ బట్టలుతకడానికీ పిల్లని దించక తప్పట్లేదు. దించగానే అత్తగారు మూడు దుప్పట్లు చుట్టి మంచం మీద పెట్టేస్తుంది. "ఐదుగుర్ని ఇలాగే పెంచానమ్మాయ్," అని ఒకటే పాట.

సూపు కాచి దించాక ముగ్గురూ పిల్లని ఆస్పత్రికి తూకానికి తీసుకెళ్లారు. "ఎంతసేపు కట్టుకుంటున్నావంటే ఇరవైనాలుగ్గంటలూ అని చెప్పు. ఇంటి పరువు తియ్యకు," అంది అత్తగారు దారిలో.

నర్సు మార్లెనీ తూకం చూసి మొహం ముడుచుకుంది. "మూడు రోజులకి పెరిగింది పదే గ్రాములా? ఇలాగైతే మళ్లీ అద్దాల పెట్టెలో పెట్టాల్సొస్తుంది. ఎన్ని గంటలుంటోంది తల్లీ ఒంటి మీద?"

ఆ పెట్టె పేరు వినగానే యామిలే పిల్లని తూకం మీంచి తీసి పొదువుకుంది. "పద్దెనిమిది. మిగతా ఆరూ వీళ్లకి చాకిరీ చేస్తున్నాను," అని మొగుడి వైపు తిరిగింది. "చొక్కా విప్పు."

ఎడిల్సన్ చుట్టూ చూశాడు. గదిలో నలుగురు నాన్నలు ఎవరి పిల్లని వాళ్లు కట్టుకుని ఫుట్‌బాల్ కబుర్లలో ఉన్నారు. ఒకతను జరిగి చోటిచ్చాడు. ఎవరూ నవ్వలేదు. యామిలే తన చేతుల్తోనే పిల్లని అతని ఛాతీకి కట్టింది.

ఇంటికొచ్చాక చూడాలి అత్తగారి హడావిడి! "కదలకురా నాన్నా, పాప లేస్తుంది. నడుం పట్టేసిందా?" అని కొడుకు వెనక దిండు పెట్టి, సూపు చల్లార్చి చెంచాతో తాగించింది. పదహారు రోజుల్లో యామిలేకి ఒక్క దిండు పెట్టిన పాపాన పోలేదు. ఒళ్లు మండింది. అంతలోనే నవ్వూ వచ్చింది. పిల్లని కట్టుకుని కూర్చోవడమూ పనేనని ఆవిడకి తెలియక కాదన్నమాట.

యామిలే కుర్చీ లాక్కుని భోజనాల బల్ల దగ్గర కూర్చుంది.

"అత్తయ్యా, నాకూ ఒక గిన్నె పెట్టండి. తిని పడుకుంటాను. నాలుగింటికి లేచి పాపని తీసుకుంటాను. అప్పట్నించీ పొయ్యి దగ్గర మీ అబ్బాయి."