వాగును గొట్టంలో పెట్టిన వేసవి

ఆ రోజు ఉదయం ఎనిమిదింటికి నీళ్ల వంతు వర్దుష్‌ది. పార భుజాన వేసుకుని కాలువ దగ్గరికి వెళ్లి, మట్టిగడ్డ తీసి మడవ తెరిచింది. ఒక కప్ప బయటికొచ్చింది. దాని వెనక తడి కూడా రాలేదు.

కొండ పైనే కంట్రాక్టరు వాగు మొత్తాన్ని మనిషి దూరేంత ఇనప గొట్టంలోకి తోసేశాడు. అది ఊరి నెత్తిమీదుగా పోయి, కింద కరెంటు తయారుచేసే షెడ్డులో తేలుతుంది. సరిహద్దు అవతలి నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన తాతలు, చర్చి కట్టుకోవడం కంటే ముందు తవ్వుకున్న కాలువ అది. నలభై గడపల్లో ఎవరి వంతు ఎప్పుడో పాలు తాగే పిల్లలు తప్ప అందరూ చెప్పగలరు.

పక్క తోటలో మాత్రం నీళ్లు గలగలమంటున్నాయి. ఆ తోట పెద్ద తోడికోడలు అర్పెనిక్‌ది. తోట గట్టు మీదుగా పోయే గొట్టానికి కన్నం పెట్టి వదిలినట్టున్నారు.

వర్దుష్ పార నేలకేసి కొట్టింది. ముప్ఫై ఏళ్లుగా అర్పెనిక్ ముందు లేని చోటేది? రొట్టెల రోజున నేలలో పాతిన మట్టిపొయ్యి అంచున కూర్చుని పల్చటి లవాష్ రొట్టెలు పొయ్యి గోడకి చరిచేది ఆవిడ. వర్దుష్ పిండి ఒత్తాలి. అత్తగారు పోతూ పోతూ పిలిచింది కూడా ఆవిడ పేరే.

నాలుగు రోజులు ఊరు ఊరంతా ఆ తోట వంక చూడటం మానేసింది, చూస్తే కళ్లు మండుతాయని. ఆప్రికాట్ కాయలు ముడతలు పడుతున్నాయి. అయిదో రోజు కంట్రాక్టరు మనిషి గార్నిక్ కాయితంతో వచ్చాడు.

"అక్కా, నీ చెట్లు చూస్తే ఏడుపొస్తోంది."

"ఏడువు నాయనా. చెట్టు మొదట్లో నిలబడి ఏడువు, కాస్త తడుస్తుంది."

"రెండో గొట్టానికి ఊరు ఒప్పుకుందని సంతకం పెట్టు. రేపే నీకూ నీళ్లు."

"మా అక్క పెట్టిందా?"

గార్నిక్ నవ్వాడంతే. వర్దుష్‌కి అది చాలు.

"కాయితం ఉంచి పో. సాయంత్రం చెప్తా."

పదిమందిలో కడిగేద్దామని సరాసరి రొట్టెల పొయ్యి దగ్గరికి వెళ్లింది. ఆరుగురు చేసే పని అక్కడ ముగ్గురు చేస్తున్నారు. రొట్టెలు సగం పొయ్యిలోనే పడి మాడుతున్నాయి. కింద వీధి ఆడవాళ్లు అర్పెనిక్ పక్కన కూర్చోవడం ఇష్టంలేక దూరంగా నిలబడి మాడు వాసన ఆనందిస్తున్నారు.

"ఏమక్కా, దొంగ నీళ్లు తియ్యగా ఉన్నాయా? సంతకం పెట్టావట!"

"ఆ గార్నిక్ అన్నాడా?" అర్పెనిక్ చేతులు దులుపుకుంది. "రండే, అందరూ రండి."

తోటలో నేల పలుగు దిగనంత గట్టిపడింది. కన్నంలో ఆవిడ పెళ్లినాటి పరుపు కుక్కి, మీద బండ పెట్టి ఉంది.

"ఆ రోజే మూసేశా. ఊరికి లేని నీళ్లు నాకెందుకు? మీరు నా మీద పడి ఏడవాలనే వాడు వదిలాడు. ఏడ్చారు కూడా. గోడ మీంచి ఒక్కరైనా తొంగిచూశారటే?"

వర్దుష్ సిగ్గుపడవలసిందే. కానీ ముందు వచ్చింది అసూయే: ఇందులో కూడా ఈవిడే ముందా! గబగబా పొయ్యి దగ్గరికి నడిచి, గార్నిక్ ఇచ్చిన కాయితం అందులో పారేసింది, అందరూ చూస్తున్నారని నిర్ధారించుకుని మరీ.

మర్నాడు రెండో గొట్టం లారీలు వచ్చేసరికి నలభై గడపలూ పారలతో రోడ్డు మీద కూర్చున్నాయి.

"పోలీసులొస్తారే," అన్నాడు వర్దుష్ మొగుడు మన్వెల్.

"రానీ. రొట్టెలున్నాయి."

మూడోరోజు వచ్చారు. అధికారి కాయితం చూసి ఒకే పేరు చదివాడు. "నాయకురాలు అర్పెనిక్ ఎవరు? పద."

అర్పెనిక్ తలగుడ్డ బిగించుకుని లేచింది. వర్దుష్‌కి ఒళ్లు మండిపోయింది.

"ఆవిడ నాయకురాలని ఎవరు చెప్పారయ్యా? రోడ్డుకి మొదటి బండ అడ్డం పెట్టింది నేను!"

"నీ పేరు లిస్టులో లేదమ్మా."

"లేకపోతే రాయి. కలం లేదా?"

"దాని కంటే ముందు నాది రాయాలి," వెనకనుంచి ముసలి జబేల్ అరిచింది. "లారీ తాళం లాక్కుంది నేను!"

"మరి డ్రైవర్ని కదలకుండా కూచోబెట్టిందెవరు, నీ తాతా?" మన్వెల్ కూడా లేచాడు.

పేర్లు కాయితం దాటి వెనకవైపుకి పోయాయి. వ్యానులో ఎనిమిది మందే పడతారు. అధికారి ఫోను తీసి, ఇంకో వ్యాను కావాలన్నాడు. రోడ్డు వంక చూసి, బస్సు అన్నాడు.

వర్దుష్ మోచేత్తో అక్కను నెట్టి ముందు తనే వ్యాను ఎక్కింది. "జరుగు, నలిగిపోతున్నా," అంటూ పక్కనే ఇరుక్కుంది అర్పెనిక్.

ఈ కబురు మధ్యాహ్నానికే కొండ దాటింది. అవతలి ఊళ్లోనూ గొట్టాలు దింపుతున్నారు. అక్కడి ఆడవాళ్లు విని మూతి తిప్పుకున్నారు.

"వాళ్లకేనా జైలు? మనం చేతకానివాళ్లమా?"

మర్నాడు పొద్దున ఆ ఊరి గొట్టం మీద అరవై పారలు కూర్చున్నాయి.